పెన్సిలు గీత

మా ఆఫీసులో నన్ను రూళ్ళకర్ర అంటారు. ఎదురుగా అనరు, అయినా నాకు తెలుసు. రైళ్ళకి వేళలు వేయడం నా పని. గోడంత చార్టు మీద నిలువునా స్టేషన్లు, అడ్డంగా గంటలూ నిమిషాలూ ఉంటాయి. ఒక్కో బండికి ఒక్కో ఏటవాలు గీత. నడుస్తున్న బండికి సిరా గీత, నడిపితే బాగుండుననుకున్న బండికి పెన్సిలు గీత. ఇరవై రెండేళ్ళుగా గీస్తున్నాను. మా ఊళ్ళో ఒక్క నిమిషం బండి ఆపించండి బాబూ అని ఒకాయన మిఠాయి డబ్బాతో మా ఇంటికే వచ్చాడు. డబ్బా ముట్టుకోకుండా మనిషిని సాగనంపాను, ఆ కథ ఏడాది పాటు కనపడ్డవాడికల్లా చెప్పుకున్నాను. అంత నిక్కచ్చి మనిషిని. అలాంటి నేను ఇల్లు కొన్నది మాత్రం ఒక పెన్సిలు గీతని నమ్మి.

మేం అద్దెకుండే బిల్డింగు రోడ్డు వెడల్పులో పోతోందని నోటీసు అంటించారు. ఆర్నెల్లు గడువు. నగరంలో మా తాహతుకి దొరికేవన్నీ అగ్గిపెట్టెలే. అందుకని లైను వెంబడి ఏదో ఒక చిన్న ఊరికి మారి, రోజూ రైల్లో వచ్చిపోదాం అనుకున్నాం. మేం అంటే నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప.

మా ఆవిడ పళ్ళు చేస్తుంది. నవ్వకండి, అదీ ఒక పనే. ఒక పళ్ళ డాక్టరుగారి దగ్గర, వెనక గదిలో, కట్టుడు పళ్ళు తయారుచేసేది. మైనంతో పన్ను మలచడం, అచ్చు పోయడం, అరగదీసి నునుపు చేయడం ఇంకొందరికీ వచ్చు. రంగు కుదర్చడం ఆవిడకే వచ్చు. పళ్ళు తెల్లగా ఉంటాయని మనం అనుకుంటాం కానీ ఆవిడ లెక్కలో తెలుపులు పదహారు. పొద్దున్నే ఎనిమిదింటికి మనిషిని ఉత్తరం కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నమూనా పళ్ళ పట్టీ పెదవి పక్కన పెట్టి, కళ్ళు చికిలించి చూసేది. లైటు కింద చూస్తే మోసపోతాం, పొద్దుటి వెలుతురే నిజం చెప్తుంది అనేది. పద్నాలుగేళ్ళలో ఆవిడ చేసిన పన్ను ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ ముక్క ఆవిడ చెప్పలేదు, మా పాప తొమ్మిదో పుట్టినరోజుకి వచ్చినప్పుడు డాక్టరుగారు చెప్పారు.

ఊరి సంగతి వచ్చినప్పుడు ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే.

"ఎక్కడైనా సరేనండీ. ఎనిమిదింటికి నేను నా కిటికీ దగ్గరుండాలి. పడుతూ లేస్తూ కాదు, నిద్ర కళ్ళతో కాదు. కన్ను తేటగా లేకపోతే నేను ఎందుకూ పనికిరాను."

"రైళ్ళ సంగతి నాకు చెప్తున్నావా?" అన్నాను. అంత గర్వం.

ఆదివారాలు ఊళ్ళు చూడ్డానికి బయల్దేరాం. తోడు మా బావమరిది. వాడు గడియారాలు బాగుచేస్తాడు, నోరు మాత్రం వాడిది బాగుచేసేవాడు లేడు. ఊళ్ళని మా ఇంట్లో పేర్లతో పిలవం, స్టేషన్ లెక్కతో పిలుస్తాం. నా అలవాటే అందరికీ అంటుకుంది.

మూడో స్టేషన్ ఊళ్ళో దిగగానే రంగుల ఫ్యాక్టరీ వాసన. పాప ముక్కు మూసుకుని, "నాన్నా, ఇక్కడ వాసన ఆదివారాలు కూడా సెలవు తీసుకోదా?" అంది. తర్వాతి బండికి వెనక్కి వచ్చేశాం.

ఆరో స్టేషన్ ఊళ్ళో ఇల్లు మేడ మీద. రెండున్నర గదులు, ఆ అర గదిలో మంచం వేస్తే తలుపు పడదు. కింద సైకిల్ షాపు, పొద్దస్తమానం సుత్తి మోత. కానీ స్టేషన్ నాలుగు నిమిషాల నడక, ప్రతి బండీ ఆగుతుంది, నగరానికి ఇరవై రెండు నిమిషాలు. మా ఆవిడ వంటింటి కిటికీ దగ్గర నిలబడి, అరచెయ్యి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇది చాలండీ మనకి," అంది.

"చాలడం వేరు, బతకడం వేరు," అన్నాను నేను. ఇప్పుడు ఆ మాట తల్చుకుంటే నా నోరు నేనే నొక్కేసుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే నా మనసు అప్పటికే పదకొండో స్టేషన్ మీద ఉంది. అక్కడ ఇల్లు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. నాలుగు గదులు, వెనక నిమ్మచెట్టు, పాపకి వేరే గది, ఇంకో గదికి పెద్ద కిటికీ. ఒక్కటే లోటు. పొద్దుటి ఫాస్ట్ బండి ఆ ఊళ్ళో ఆగదు, ఈల వేసుకుంటూ పోతుంది. ఆగేది పాసింజరే. అది ప్రతి స్టేషన్లో ఆగుతూ, రెండు చోట్ల పక్క లైన్లో నిలబడి పెద్ద బండ్లకి దారి ఇస్తూ, గంటా పాతిక నిమిషాలు ఈడుస్తుంది. అందుకే అక్కడ ఇళ్ళు చవక.

కానీ నా చార్టు మీద ఒక పెన్సిలు గీత ఉంది. జులై ఒకటిన వచ్చే కొత్త టైంటేబుల్లో ఆ ఫాస్ట్ బండికి పదకొండో స్టేషన్లో ఒక్క నిమిషం. ఏడూ రెండుకి బయల్దేరితే ఏడూ నలభైకి నగరం. ముప్ఫై ఎనిమిది నిమిషాలు.

ఇంట్లో చెప్పాను. జులై నుంచి ఫాస్ట్ బండి ఆగుతుంది, బయట ఎవరికీ చెప్పొద్దు, ఆఫీసు రహస్యం అన్నాను.

బావమరిది పగలబడి నవ్వాడు. "బావా, ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. రైలుండే చోట ఇల్లు కొంటారు ఎవరైనా. నువ్వు ఇల్లు కొని రైలుని పిలుస్తున్నావు."

"నువ్వు నీ ముళ్ళు చూసుకోరా, పట్టాల సంగతి నేను చూసుకుంటా."

మా ఆవిడ నవ్వలేదు. "ఖాయమేనాండీ?" అంది.

"నా చేత్తో గీశాను."

అది అబద్ధం కాదు. దేంతో గీశానో చెప్పలేదు, అంతే. ఆవిడ ఇంకో ప్రశ్న వేయలేదు. నిక్కచ్చి మనిషి మాట కదా మరి.

ఫిబ్రవరిలో మారిపోయాం. జులై దాకా అయిదు నెలలే కదా, సర్దుకుందాం అంది ఆవిడ. నాలుగున్నరకి లేచేది. ఆరూ అయిదు పాసింజరు, ఏడున్నరకి నగరం. సాయంత్రం మళ్ళీ అదే ఈడ్పు. పాప పొద్దుటి పనులు నా వంతు. జడ వేయడం నేర్చుకున్నాను. జడ ఎలా వచ్చినా పాపిడి మాత్రం గీత గీసినట్టు తీసేవాణ్ణి, పాప అద్దంలో చూసుకుని "రూళ్ళకర్ర జడ" అనేది. ఆ పేరు దాని దాకా ఎలా వచ్చిందో నాకు తెలియదు. పిల్లని బళ్ళో దింపి ఎనిమిదీ పది బండి నేను పట్టుకునేవాణ్ణి, నా ఆఫీసు పదింటికి. కొత్త ఇంట్లో నేను సుఖంగానే ఉన్నాను. నిమ్మచెట్టు కింద కుర్చీ వేసుకుని పేపరు చదివేవాణ్ణి. ఆవిడ ఆ చెట్టుని పగటి వెలుగులో చూసింది ఆదివారాలే.

ఏప్రిల్లో ఒకరోజు ఆఫీసు టపాలో ఒక లావుపాటి కవరు వచ్చింది. విప్పాను. "పదకొండో స్టేషన్ ప్రయాణికుల విన్నపం" అని పైన రాసుంది. పాసింజర్లో వెళ్ళే నర్సులు, మెకానిక్కులు, చదువుకునే పిల్లలు, బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే ఆడవాళ్ళు, మొత్తం రెండు వందల పన్నెండు సంతకాలు. ఏడు గంటల ఫాస్ట్ బండి తమ ఊళ్ళో ఒక్క నిమిషం ఆపమని. అక్షరాలు చూడగానే గుర్తుపట్టాను. మా పాప పుస్తకాల అట్టల మీద పేర్లు రాసే అక్షరాలవి. మొదటి సంతకం మా ఆవిడది.

వంద సంతకాలు దాటిన ఏ అర్జీ అయినా, పెన్సిలు గీతల సంగతి తేల్చే మే నెల మీటింగులో బల్ల మీద పెట్టాలని మా ఆఫీసు రూలు. రూలు రాసిన కాగితం నా బీరువా లోపలి తలుపుకి నేనే అంటించాను.

అర్జీ బల్ల మీద పెడితే మొదటి పేరు చదువుతారు. ఈవిడెవరు అంటారు. ఆ ఊళ్ళో ఇల్లు ఎప్పుడు కొన్నావంటారు. అప్పటికి గీత చార్టు మీద ఉందా లేదా అంటారు. లోపలి కబురు పట్టుకుని ఇల్లు కొన్నాడు, ఇప్పుడు బండిని గుమ్మం ముందుకి తెచ్చుకుంటున్నాడు, కంచే చేను మేస్తోంది అంటారు. మిఠాయి డబ్బా కథ ఇక ఎవరికీ చెప్పుకోలేను.

అర్జీని "సాధారణ సూచనలు" అనే ఫైల్లో పెట్టాను. అందులోకి వెళ్ళింది చెదపురుగులకి తప్ప ఇంకెవరికీ కనపడదు. తర్వాత ఎప్పుడూ చేసేదే చేశాను. అచ్చు వేసిన జవాబు కాగితం ఒకటి తీశాను. "మీ సూచన అందినది. పరిశీలనలో ఉన్నది." కింద సంతకం పెట్టాను. కవరు మీద మా ఆవిడ పేరు, మా ఇంటి అడ్రసు నా చేత్తో రాసి ఆఫీసు టపాలో వేశాను. నేను ఆ సాయంత్రం ఏడున్నరకి ఇంటికి చేరాను. ఉత్తరం మూడు రోజులకి చేరింది.

ఆ రోజు అన్నాల దగ్గర ఆవిడ మామూలుగానే ఉంది. నాకు మజ్జిగ పోసింది. పోసి, గిన్నె కింద పెట్టి అడిగింది.

"పరిశీలనలో ఉందంటే ఏంటండీ, మీ ఆఫీసులో?"

"అంటే చూస్తున్నారని."

"ఎవరు?"

"సంబంధిత అధికారులు."

నా మొహంలోకి చూసింది. రంగు కుదర్చేటప్పుడు చూసే చూపు అది. "సరేనండీ," అంది. పాపకి ఇంకాస్త పెరుగు వేసింది.

నోరు తెరవడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. అది పెన్సిలు గీతే, నేను దొంగలా దాక్కున్నాను, ఏం చేద్దాం చెప్పు అని ఉంటే ఆవిడ ఏదో ఒక దారి చూపించేది. నేను మజ్జిగ తాగి చెయ్యి కడుక్కున్నాను.

మే నెల మీటింగులో ఆ గీత వంతు వచ్చింది. మా పెద్దసారు కళ్ళజోడు సర్దుకుని చార్టు మీదకి వంగాడు. "పదకొండోదానికి ఒక్క నిమిషం అని వేశాం. ఎవరైనా అడిగారా?"

అడిగినవాళ్ళు రెండు వందల పన్నెండు మంది నా బీరువాలో ఉన్నారు.

"ఏమయ్యా, నువ్వేమంటావు?" అని నా వైపే తిరిగాడు.

"నాకు అభిప్రాయం ఏమీ లేదు సార్."

ఆ మాట అన్నందుకు ఆ క్షణంలో నాకు గర్వంగా కూడా అనిపించింది, చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. సొంత ఇంటి ముందు బండి ఆగే అవకాశాన్ని కాలదన్నాను, నాలాంటి మనిషి ఎక్కడుంటాడు అనుకున్నాను. పెద్దసారు ఒక్క నిమిషం ఆగి, "అయితే ఆ నిమిషం పద్నాలుగోదానికి ఇద్దాం. చెరిపేయ్," అన్నాడు. రబ్బరు నా చేతిలోనే ఉంది. శుభ్రంగా చెరిపి, పొడి ఊదేశాను.

జులై ఒకటి వచ్చింది. ఇంట్లో చెప్పాను, ఈసారి కుదరలేదు, పైవాళ్ళ నిర్ణయం అన్నాను. ఆవిడ, "పోనీలెండి," అంది. మర్నాడు కూడా నాలుగున్నరకే లేచింది. బావమరిది వచ్చి ఏదో జోకు వేయబోయి, అక్క మొహం చూసి ఊరుకున్నాడు. వాడు నోరు మూసుకోవడం నేను చూసింది అదే మొదటిసారి.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఆవిడ చెప్పులు విప్పకుండానే వరండాలో కూర్చుండిపోయింది.

"ఇవాళ ఒక పన్ను వెనక్కి వచ్చిందండీ."

"పెద్దావిడ. ముందు పన్ను. నన్ను ఏమీ అనలేదు, కానీ చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. పక్క పన్ను కంటే ఒక పిసరు పచ్చగా ఉంది. ఇవాళ చూస్తే నాకూ తెలిసింది. చేసేప్పుడు తెలియలేదు."

"డాక్టరుగారేమన్నారు?"

"మళ్ళీ చేద్దాంలే అమ్మా అన్నారు. తిట్టినా బాగుండేది. రైల్లో కునుకు పడుతుంది, దిగాక కళ్ళు మండుతుంటాయి. ఒక్కోరోజు పదహారూ ఒక్కలాగే కనపడతాయి. చెప్పేశానండీ. రెండు నెలలుండి ఒక అమ్మాయికి నేర్పించి మానేస్తాను."

అప్పుడు చెప్పాను. పెన్సిలు సంగతి, ఫైలు సంగతి, మీటింగులో నా మాట, రబ్బరు, అన్నీ. ఒక్కటీ దాచలేదు. ఏడుపు కూడా వచ్చింది. ఆవిడ అంతా విని, చెప్పులు విప్పి పక్కన జతగా పెట్టుకుంది.

"ఉత్తరం మీద సంతకం మీదని తెలుసు కదండీ," అంది. "పదకొండేళ్ళుగా చూస్తున్నా."

"మరి ఎందుకు అడగలేదు?"

"ఇంట్లో ఆఫీసు మాట ఎత్తొద్దంటారు మీరు. కాగితం లేనిదే మీటింగులో మాట నిలవదని కూడా మీరే అనేవారు. అందుకే రాశాను. అందరి దగ్గరికీ తిరిగి సంతకాలు పెట్టించాను. మీకు సాయంగా ఉంటుందని."

లేచి లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. నేను చీకటి పడేదాకా ఆ చెప్పుల పక్కన కూర్చున్నాను.

మర్నాడు అర్జీ తీసుకెళ్ళి పెద్దసారు ముందు పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పెట్టాను. ఇల్లు ఎప్పుడు కొన్నానో, ఎందుకు కొన్నానో కూడా చెప్పాను. ఆయన సంతకాలన్నీ ఓపిగ్గా చివరిదాకా తిప్పాడు.

"నువ్వు ఆ ఊళ్ళో ఉంటావని నాకు ముందే తెలుసయ్యా. అందుకే నిన్ను అడిగాను. అక్కడివాళ్ళకి అవసరం అని నువ్వొక్క మాట అంటే సిరా గీత గీయించేవాణ్ణి." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అర్జీ బల్ల మీద పెట్టడం నీ పని. ఒప్పుకోవాలా వద్దా అన్నది మా పని. రెండూ నువ్వే చేసేశావు. దాన్ని నిజాయితీ అనుకున్నావా?"

నాకు మెమో ఇచ్చారు. అది చదివి సంతకం పెట్టాను. ఇంకా పెద్ద శిక్ష వేస్తే బాగుండుననిపించింది.

మరుసటి జులై ఒకటిన ఫాస్ట్ బండి మా ఊళ్ళో ఆగింది. ఏడూ రెండు. గీత నేనే గీశాను, ఈసారి సిరాతో. ప్లాట్‌ఫారం నిండా జనం. నర్సులూ షాపుల వాళ్ళూ మా ఆవిడ చేతులు పట్టుకుని, "అక్కా, అంతా మీ చలవే," అంటున్నారు. అప్పటికి ఆవిడ పని మానేసి ఎనిమిది నెలలు. మా వీధి చివర కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములు తుడిచి వరసలో పెడుతోంది. తొమ్మిదింటికి తెరుస్తారు, నిద్ర చాలుతుంది. నాకు తోడుగా స్టేషన్ దాకా వచ్చింది, అంతే.

బండి ఆగి ఉన్న ఆ ఒక్క నిమిషంలో తలుపు దగ్గర నిలబడి అడిగాను. ఇన్నాళ్ళూ అడగలేకపోయిన మాట.

"రేపట్నించి నువ్వు కూడా రావచ్చు కదా. డాక్టరుగారు కాదనరు. ఆ అమ్మాయి ఎంతైనా నీ శిష్యురాలే. ముప్ఫై ఎనిమిది నిమిషాలే. నీ కిటికీ నీకు..."

ఆవిడ నా చేతికి టిఫిను డబ్బా అందించింది.

"పరిశీలనలో ఉందండీ," అంది.

వెటకారం లేదు, కోపం లేదు. ఆ రోజు మజ్జిగ గిన్నె ముందు 'చూస్తున్నారని' అని నేను ఎలా అన్నానో అలాగే అంది. బండి కదిలింది. ఆవిడ వెనక్కి తిరిగి జనంలో కలిసి గేటు వైపు నడిచింది.

లోపల కిటికీ పక్కన చోటు దొరికింది. ఎవరికో చోటు ఆపినట్టు పక్క సీట్లో నా సంచి పెట్టాను. తర్వాతి స్టేషన్లో ఒకామె ఎక్కి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారాండీ?" అని అడిగింది.

"ఎవరూ లేరమ్మా," అని సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.